కొండ మీద మర్యాద

చెట్లు ఆగిపోయే ఎత్తు దాటితే ఆల్ప్స్‌లో మా టిరోల్ కొండల్లో "మీరు" అనే మాటే ఉండదు. డాక్టరైనా మంత్రైనా అక్కడ "నువ్వే". అందుకే కనుమ కింద బస నడిపే విన్సెంజ్, నా కొడుకు వయసువాడు, ఫోనెత్తగానే నన్ను వెక్కిరించాడు.

"ఏమే క్రెసెంజ్ ముసలీ, ఇంకా నడుస్తున్నావా?"

"నడవక? వచ్చేవారం ఒక బస నుంచి ఇంకో బసకి, రోజుకో పూట నడకే. నాకూ మా ఆయనకీ కింది వరస పడకలు ఉంచు. నా మోకాళ్లు నిచ్చెన ఎక్కవు."

"మోకాళ్లు లేనిదానివి ఇంట్లో కూర్చోరాదూ! చూడు, ఇక్కడ మేం 'మీరు' అనేది శవం కోసం పైకొచ్చిన చుట్టాలనే. నీ మొగుణ్ణి నాచేత అలా పిలిపించకు."

ఇద్దరం పగలబడి నవ్వాం.

"సరేగానీ, కనుమలో మంచు ఎలా ఉంది?"

"బాగాలేదు. పొద్దున పెద్ద పెళ్ల విరిగి జారింది. ఎవరైనా చిక్కుకున్నారేమోనని మావాళ్లు చూడ్డానికి వెళ్లారు."

"నాకోసం కనుమ దారి ఎలా ఉందో చూసొస్తానని మా ఆయన తెల్లారకుండానే బయల్దేరాడు. నీ దగ్గర సూప్ తాగి దిగుతానన్నాడు. వచ్చాడా?"

అవతల తలుపు తెరుచుకుంది. బరువైన బూట్ల చప్పుడు లోపలికొచ్చి ఆగింది. ఎవరో గొంతు తగ్గించి ఏదో చెప్పారు. విన్సెంజ్ ఏదో అడిగాడు, వాళ్లు మళ్లీ చెప్పారు.

"విన్సెంజ్, ఉన్నావా?"

"క్రెసెంజ్ గారూ," అన్నాడతను. "మీరు కాస్త కూర్చుంటారా?"