వాసన లేని ఆకు

"దొంగ దొరికింది! అందరూ పైకి రండి!"

కుండీలక్క కేకకు నాలుగంతస్తుల భవనమంతా మేడ మీదికి ఎక్కింది.

దొంగంటే అరవై దాటిన ముసలావిడ. వెలిసిపోయిన బట్టలు, భుజాన గుడ్డసంచి, చేతిలో వేళ్లతో సహా పీకిన మూడు మొక్కలు.

ఆ మేడ నిండా కుండీలే. పుదీనా, కలబంద, ఇంకా పేరు తెలిసినవీ తెలియనివీ. మందు మొక్కలు ఇంట్లోనే పెంచుకుంటే మాత్రల పీడ వదులుతుందని సెక్రటరీ భార్య అందర్నీ నమ్మించింది. అందుకే ఆవిడ కుండీలక్క అయింది. ఆదివారం వస్తే ఒకరి కుండీలోని పిలక ఇంకొకరి కుండీలోకి మారడం అక్కడి ఆనవాయితీ.

"పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారే!" అని మొగుడు ఏడిపిస్తే, "మనది పెరడు కాదుగా, మేడ!" అనేది.

అన్నిటిలోకీ గొప్పది, దగ్గుకు కాచి తాగే దగ్గాకు. ఆ పేరూ అక్క పెట్టిందే. ఈమధ్య కొన్ని కుండీల్లో అది మరీ ఏపుగా వచ్చింది. జనం ఆ ఏపు పిలకలనే అడిగి మరీ పట్టుకెళ్లారు.

మాయమవుతున్నవీ సరిగ్గా అవే.

"మెట్లు కడిగే మనిషనుకుని లోపలికి వదిలానండీ," అన్నాడు వాచ్‌మన్. "ఒక్కో ఆకూ నలుపుతుంది, వాసన చూస్తుంది, బాగా ఎదిగినవే పీకేస్తుంది."

"ఇవి మీ దగ్గాకు కాదమ్మా," అంది ముసలావిడ. "అచ్చం దానిలాగే ఉంటుంది. నలిపి చూడండి, వాసన రాదు. ఇది తాగితే గుండె ఆగిపోతుంది."

"ఓహో, డాక్టరమ్మ గారా! తెలీక నిలబెట్టేశాం," అన్నాడు సెక్రటరీ.

అందరూ పగలబడి నవ్వారు. ఒక్కరు కూడా ఆకు నలిపి చూడలేదు.

"ఇదంతా నీకెవరు చెప్పారే?" అంది అక్క.

ముసలావిడ భుజాన ఉన్న సంచిని గుండెకు హత్తుకుంది.

"తెలుసమ్మా," అంది అంతే.

"ఏం తెలుసు? పచ్చగా ఉన్నది కనిపిస్తే కళ్లల్లో నిప్పులు పోసుకోవడం తెలుసు. పీకిన చేత్తోనే నాటించండి దీనిచేత!"

వాచ్‌మన్ ఆవిడ మెడ వంచి కుండీ ముందు కూర్చోబెట్టాడు. ఫోన్లు పైకి లేచాయి.

"నాటు!"

"నాటను."

సెక్రటరీ చెంప మీద ఒకటిచ్చాడు.

"చంపినా సరే బాబూ, ఈ చేత్తో నాటను."

చేసింది దొంగతనం, పైగా పొగరు! అనుకున్నారు అందరూ.

అక్క కూతురు, ఆరేళ్ల పిల్ల, ఖంగుఖంగున దగ్గుతూ తల్లి వెనక నుంచి తొంగి చూసింది. ముసలావిడ ఆ పిల్లను చూసి రెండు చేతులూ జోడించింది.

"పాపకు మాత్రం పొయ్యకు తల్లీ. నీ కాళ్లు పట్టుకుంటా."

"నా బిడ్డ మీద నీ పాడు నోరు పెట్టకు!"

అక్క సంచి లాక్కుంది. సెక్రటరీ చెప్పినట్టే వాచ్‌మన్ ఆవిడను ఆటోలో ఎక్కించి, ఊరవతల వీధి కుక్కల్ని వదిలే చోట వదిలేసి వచ్చాడు. "సంచి ఇప్పించండయ్యా," అని మెట్లు దిగినంతసేపూ ఏడుస్తూనే ఉంది.

అందులో ఇంకెన్ని మొక్కలు దాచిందో పోలీసుల ముందే తీద్దామని అక్క ఆ సంచిని వంటింటి తలుపు వెనక మేకుకు తగిలించింది. పోలీసులను ఎవరూ పిలవలేదు.

మూడు మొక్కల్నీ అక్కే తిరిగి నాటింది. రాలిన ఆకుల్ని పారేయడమెందుకని ఆ సాయంత్రమే కాచింది. తేనె కలిపింది.

"చేదుగా ఉందమ్మా!"

"మందు చేదే ఉంటుంది. గుటుక్కున మింగెయ్, నా బంగారు కదూ."

తెల్లారేసరికి వాంతులు. ఆస్పత్రికి తీసుకెళ్లేసరికి పాప పెదవులు నల్లబడ్డాయి.

"ఏం ఆకు తాగించారు? పేరు చెప్పండమ్మా! పేరు తెలిస్తే విరుగుడు ఇస్తాం," అన్నాడు డాక్టరు.

"దగ్గాకు."

"అలాంటి పేరు ఏ పుస్తకంలోనూ లేదు!"

అప్పుడు గుర్తొచ్చింది ముసలావిడ. సెక్రటరీ, వాచ్‌మన్ ఊరవతలికి పరుగెత్తారు. కుక్కలున్నాయి. ఆవిడ లేదు.

మధ్యాహ్నం దాటకుండానే పాప గుండె ఆగిపోయింది.

మూడో రోజున పరామర్శకు వచ్చినవారెవరో మంచినీళ్ల కోసం వెళ్లి వంటింటి తలుపు వేశారు. వెనక ఉన్న సంచి జారి కిందపడింది. అక్క దాన్ని ఒళ్లోకి తీసుకుని విప్పింది.

ఒక్క ఆకు కూడా లేదు. మడతల్లో చిరిగిపోయిన ఆస్పత్రి కాగితం ఒకటుంది.

డాక్టరు అడిగిన పేరు అందులో పెద్ద అక్షరాలతో ఉంది. దాని కింద, ఆడపిల్ల, ఆరేళ్లు. ఇంటి కుండీలోని ఆకు కషాయం వల్ల మరణం.

అన్నిటికీ కింద, "నాటినవారు, కాచి తాగించినవారు: అమ్మమ్మ" అని రాసి ఉంది, పక్కనే, చంపినా నాటనన్న ఆ చేతి వేలిముద్ర.