కట్టెల సందులో చిట్టెలుక

చిట్టెలుక ముందుకాళ్లతో మరమరాన్ని పట్టుకుని, సుచరిత వైపే చూస్తూ కొరికింది.

గోధుమరంగు వీపు, తెల్లటి పొట్ట, ఒంటికి మించిన చెవులు.

పెళ్లయి అమ్రాబాద్ అడవి అంచున ఉన్న ఫారెస్ట్ క్వార్టర్‌కు వచ్చాక పగలంతా ఆమెకు తోడు అదొక్కటే. భర్త శివకృష్ణ బీట్ ఆఫీసరు. పొద్దున అడవిలోకి పోతే పొద్దుగూకాకే రావడం.

చిట్యాలలో మగ్గాల చప్పుడు మధ్య పెరిగిన పిల్లకు ఆ నిశ్శబ్దం గుబులు పుట్టించేది. వంటింటి కట్టెల సందులోంచి ఎలుక తొంగిచూస్తే కాస్త తగ్గేది.

ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఒకరోజు శివకృష్ణకు జ్వరం వచ్చింది. గోలీలకు దిగలేదు. దవాఖానలో చేర్చారు.

డెంగీ కాదన్నారు. మలేరియా కాదన్నారు. అరచేతుల్లో ఎర్రటి మచ్చలు తేలాయి.

"ఇంట్లో ఎలుకలున్నాయా?" డాక్టరమ్మ అడిగింది.

సుచరిత నోరు తెరిచేలోపే, కొడుకు కోసం ఊరి నుంచి వచ్చిన అత్త కృష్ణమ్మ అందుకుంది.

"ఏం మాట మేడం! మా కోడలు ఇల్లు అద్దం లెక్క ఉంచుతది. ఎలుక కాదు గద, చీమ గూడ కనవడది."

అంటూ కోడలి భుజం మీద చెయ్యి వేసింది.

సుచరిత తల వంచుకుంది. డాక్టరమ్మ పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయింది.

మధ్యాహ్నానికి శివకృష్ణ కలవరించడం మొదలుపెట్టాడు. నీళ్లు తాగించబోతే గ్లాసు తోసేశాడు. చింతనిప్పుల్లాంటి కళ్లతో ఆమెను ఎగాదిగా చూశాడు.

"ఎవరమ్మా నువ్వు?"

సుచరిత గ్లాసు కింద పెట్టి, వరండాలో ఉన్న డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తింది.

"మేడం... ఎలుక ఉన్నది."

"ఎక్కడ?"

"మా ఇంట్ల. అడివి ఎలుక. నేనే మరమరాలు పెడ్తున్న." "ఆయనను కరవలే మేడం. ఆయనకు అసలు కనవడనే లే."

"అది కరవక్కర్లేదమ్మా. దాని ఒంటిమీద పిడుదులుంటాయి, పశువులకు పట్టే గోమార్ల లాంటివి. ఎలుక రక్తం తాగి రాలిపోతాయి. ఆ తర్వాత మనిషిని పట్టుకుంటాయి."

చెబుతూనే డాక్టరమ్మ మంచం దగ్గరికి వచ్చేసింది. మెడ, చంకలు, చెవుల వెనక వెతికింది. మోకాలి వెనక మడతలో ఆగింది.

బీడీతో చురక పెట్టినట్టు, పిడుదు కుట్టిన చోట నల్లటి పక్కు.

నర్సును పిలిచి అప్పటికప్పుడు పిడుదు జ్వరానికి మందు మార్పించింది.

"ఇది ఎలుక నుంచేనా మేడం? అడివిల పట్టిందా?" సుచరిత అడిగింది.

"అది ఎవరూ చెప్పలేరు. నువ్వు కూడా ఒళ్లంతా చూసుకో."

బాత్రూం గడియ పెట్టుకుని సుచరిత పుట్టుమచ్చలను సైతం గోటితో గీకి చూసుకుంది.

బయటికొస్తే ఎదురుగా కృష్ణమ్మ. అంతా విన్న ముఖం.

"అత్తమ్మా..."

"వాడు లేవనియ్యి. అప్పుడు మాట్లాడ్త."

తెల్లారి శివకృష్ణకు చెమటలు పోశాయి. ఆ మర్నాటికి జ్వరం దిగింది. కళ్లు తెరిచి, "సుచరితా, జర నీళ్లియ్యవా?" అన్నాడు. ఆమె తొందరపడి గ్లాసు అందిస్తే సగం నీళ్లు దుప్పటి మీద పడ్డాయి.

కృష్ణమ్మ బత్తాయి వొలిచి కొడుక్కిచ్చింది. కోడలి వైపు చూడకుండానే ఇంకో తొన ఆమె చేతిలో పెట్టింది.

"నేను గూడ వస్త మీ క్వార్టర్‌కు. నిన్ను ఒక్కదాన్ని ఉంచేది లేదు."

అది కోపమో, మరేమిటో సుచరితకు తెలియలేదు.

ఇంతలో తోటి ఉద్యోగి వెంకటేశ్ ఫోన్ చేశాడు. క్వార్టర్‌లోని కట్టెలన్నీ బయటేసి తగలబెట్టారట. ఇల్లంతా మందు కొట్టారట. బోనులో ఎలుక పడిందట.

శివకృష్ణ ఫోన్ పక్కన పెట్టి, నీరసంగా నవ్వాడు. మరమరాల సంగతి సుచరిత అతనికి అప్పటికే చెప్పేసింది.

"దానికి పేరు గిట్ల పెట్టినవా ఏంది?"

సుచరిత లేదని తల ఊపింది.