తొట్టి చెక్క

రెండో ఓడ కూడా నీళ్ళలో పగిలింది.

ఫిల్మ్ నగర్‌లో స్టూడియో వెనుకనున్న రేకుల షెడ్డులో, సిమెంటు తొట్టి అంచున కూర్చుని కాశీవిశ్వనాథం ఆ పగులు వంకే చూస్తూ ఉండిపోయాడు.

రెండు మూరల కొయ్య ఓడ. మూడు తెరచాపలు, నూలుపోగుల్లాంటి తాళ్ళు, గోటి మీద పట్టేంత లంగరు. అన్నీ కుదిరాయి, చెక్క ఒక్కటే పచ్చిది. పచ్చి చెక్క కనుక నీరు తాగింది. నీరు తాగి ఉబ్బింది. ఉబ్బి అతుకులు విడిచింది.

సినిమాలకు నమూనా ఓడలు చేయడం అతని వృత్తి. మద్రాసు నుంచి పరిశ్రమ వెంట ఇక్కడికి వచ్చాడు. సోమవారానికి ఓడ తేలకపోతే మద్రాసు నుంచి మరొకరిని పిలిపిస్తామని నిర్మాత ఉదయమే చెప్పి వెళ్ళాడు. మరొకరు వస్తే ఈ షెడ్డు వారిది. షెడ్డు వెనుక గదిలోనే విశ్వనాథం కాపురం. యాభై దాటిన ఆ చేతులకు ఇంకో విద్య రాదు.

ఆ సాయంత్రం కాపలాదారు హనుమంతు ఒక మనిషిని వెంటబెట్టుకొచ్చాడు. మాసిన గడ్డం, భుజాన దుప్పటిలో చుట్టిన మూట.

"గేటు కాడ నిలవడ్డడు సారూ. వేషాల్లేవు, పో అన్న. వేషం గాదట, ఓడలు పగులుతున్నయని ఇన్నడట, ఓడకు కట్టె ఇస్తడట."

వచ్చినవాడి పేరు బాలనర్సయ్య. బోరబండలో, రైల్వే స్టేషను పక్కన ఇల్లు.

దుప్పటి విప్పితే పాత టేకు పలకలు. ఎన్నో చేతులు తగిలి నునుపెక్కిన చెక్క. పొడుగు పలకలకు రెండు కొసలా గుండ్రటి బెజ్జాలు. బెజ్జాల చుట్టూ పసుపు మరకలు.

విశ్వనాథం వేలి కణుపుతో కొట్టి చూశాడు. ఖంగుమంది.

"ఎక్కడిదయ్యా ఇది?"

"తొట్టెల కట్టె సారూ. మా తాత చేయించిండు."

విశ్వనాథం కాకినాడవాడు. అతని చెవికి అది తొట్టిగానే వినిపించింది. పశువుల కుడితితొట్టి కాబోలు, పసుపు ఏ పండుగనాటిదో అనుకున్నాడు. అయితే మరీ మంచిది. మూడు తరాలు నీళ్ళలో నానిన చెక్క కొత్తగా ఉబ్బేదేమీ ఉండదు.

"ఏమిమ్మంటావు?"

"ఏమొద్దు. నీళ్ళల్ల ఇడుస్తరు గద? గంతే చాలు. అగ్గిల మాత్రం ఎయ్యొద్దు. మా ఆమెకు మాటిచ్చిన."

కథ ప్రకారం ఆ ఓడ నిప్పుబాణాలు తగిలి కాలిపోవాలి. విశ్వనాథానికి ఆ సంగతి తెలుసు. చెబితే పలకలు వెళ్ళిపోతాయి. పలకలతో పాటు షెడ్డూ పోతుంది.

"నీళ్ళలో వదలడానికేగదయ్యా ఓడ చేసేది," అన్నాడు.

అది అబద్ధం కాదు. నిజంలో సగం.

ఆ పలకల పొడవు తగ్గించడానికి అతనికి చేతులు రాలేదు. వాటి కొలతకే ఓడను మలిచాడు. బెజ్జాలను పూడ్చకుండా వాటిలోంచే లంగరు గొలుసులు దింపాడు. అతుకుల్లో లక్క కరిగించి పోశాడు. ఆదివారం తొట్టిలో వదిలితే ఓడ నీటి మీద నిలిచింది. నిలిచి, మెల్లగా అటూ ఇటూ ఊగింది.

విశ్వనాథం చాలాసేపు కళ్ళు తుడుచుకున్నాడు.

ఫిల్మ్ నగర్‌లో ఊరికే ఇచ్చేవాడుండడు. ఇతనికీ వేషమే కావాలి, అడగడానికి మొహమాటపడ్డాడు అని అతనికి తోచింది. సోమవారం వస్తే ఒడ్డున గుంపులో నిలబెడతానని హనుమంతు చేత కబురంపాడు. అగ్గి మాట గుర్తు రాలేదు. అవసరం గట్టెక్కినవాడికి మరుపు తొందరగా వస్తుంది.

సోమవారం స్టూడియో కొలనులో ఓడను వదిలారు. ఓడ తగలబడుతున్నప్పుడే జనం ముఖాలు కూడా తీయాలని దర్శకుడు ఒడ్డున రెండో కెమెరా పెట్టించాడు.

నిప్పుబాణం తెరచాపకు తగిలింది. గుంపంతా గుండెలు బాదుకుంది.

బాలనర్సయ్య బాదుకోలేదు. గుంపును చీల్చుకుని నీళ్ళలోకి దిగాడు. మండుతున్న ఓడను రెండు చేతులా ఎత్తి రొమ్ముకు హత్తుకోబోయాడు. పెదవులు ఏదో అంటున్నాయి, ఎవరికీ వినబడలేదు.

దర్శకుడు కట్ చెప్పలేదు. ఓడ అతని చేతుల్లోనే విడిపోయేదాకా కెమెరా తిరిగింది.

"ఎవరయ్యా ఈ కొత్తతను? ఏడుపంటే అదీ," అన్నాడు దర్శకుడు. "రేపు పట్టుకురండి. మంచి వేషం ఇద్దాం."

"మొదటి రోజే హీరోను మించిండు. ఇగ మనల్నెవడు పిలుస్తడు?" అని గుంపులో ఒకడు సణిగాడు.

అప్పటికే బాలనర్సయ్య కాలిన చేతులతో గేటు దాటాడు.

మర్నాడు విశ్వనాథమే కబురు మోసుకుని బోరబండ వెళ్ళాడు. నిన్నటిది వేషం కోసం చేసిన నటనేనని అతనూ నమ్మాడు. షెడ్డు నిలబడింది, ఇచ్చినవాడి రుణం వేషంతో తీరుతుందన్న తేలికదనం అతని నడకలో ఉంది.

ఒంటిగది ఇల్లు. బాలనర్సయ్య గుడ్డలు చుట్టిన చేతులతో గోడవైపు తిరిగి పడుకున్నాడు. భార్య కౌసల్య గడప దగ్గరకు వచ్చింది.

"మీ ఆయన ఎంత బాగా నటించాడో తెలుసా అమ్మా!"

"ఆయనకు నటించుడు ఏడొస్తది సారూ," అంది కౌసల్య. "నిన్నటి సంది నోరిప్పుతలేడు. మీరన్న చెప్పున్రి. పేరు పెట్టకముందే పాయె నా బిడ్డ. పసిగుడ్డును మన్నుల పెడ్తం గాని అగ్గిల పెట్టం గద. అందుకే దాని తొట్టెలను గూడ అగ్గిల ఎయ్యొద్దన్న. నీళ్ళల్లనే పోయింది గద సారూ?"

విశ్వనాథం ఆమె ముఖం చూడలేక తలెత్తాడు.

దూలం నుంచి ఉయ్యాల లేని ఉయ్యాల గొలుసులు రెండు జతలుగా వేలాడుతున్నాయి. ఆ జతల నడుమ ఖాళీ సరిగ్గా అతని ఓడంత.