చేయి తిరిగిన తప్పు

“మాస్టారూ, ఇక మీ తప్పులు మాకు అక్కర్లేదేమో” అంది మేనేజరమ్మ, కనీసం కూర్చోమనకుండా.

ఒత్తుల మాస్టారు గుమ్మంలోనే ఆగిపోయారు. ఆ ప్రకటనల కంపెనీలో మనిషన్నవాడు చేసే రాతపని ఒక్కటే మిగిలింది. అది తప్పులు పెట్టడం. ఆ ఒక్క ఉద్యోగమూ మాస్టారిది.

సంగతేమిటంటే, ప్రకటనలన్నీ ఇప్పుడు మిషనే రాస్తోంది. అది వచ్చిన ఏడాదికే నలభైమంది రాతగాళ్లు బ్యాగులు సర్దుకున్నారు. వాళ్ల కుర్చీలు ఒకదానిమీద ఒకటి ఎక్కి స్టోర్ రూంలో పడున్నాయి. మిషన్ రాతలో వేలెత్తి చూపడానికి ఏమీ ఉండదు. అదే కొంప ముంచింది. ఇంత నున్నగా ఉన్నదేదీ మనిషి రాసింది కాదని జనం కనిపెట్టేశారు. కనిపెట్టి, చదవడం మానేశారు. దాంతో సరుకు అమ్ముకునేవాళ్లంతా “మాకు మనిషి వాసన కావాలి” అని గోల పెట్టారు.

అందుకని ‘మానవ స్పర్శ విభాగం’ అని ఒక బోర్డు తగిలించి, దాని కింద మాస్టారిని కూర్చోబెట్టారు. ఆయన ఒక పత్రికలో ఇరవై ఎనిమిదేళ్లు ప్రూఫులు దిద్దారు. ఎక్కడైనా ఒత్తు జారితే ఆ పూట ఆయనకి అన్నం సయించేది కాదు. ఆ పేరు అలా వచ్చిందే. కొమ్ములు తిరిగిన రచయితలు కూడా ఆయన ఎర్ర సిరా చూసి నోరు మూసుకున్నవాళ్లే. పత్రిక మూతపడ్డాక ఇంట్లో కూర్చుని, భార్య రాసుకున్న సరుకుల చీటీ దిద్దేవారు.

ఇప్పుడు మిషన్ రాసిన ప్రతి ప్రకటనలోనూ ఒక తప్పు పెట్టి పంపాలి. ఒకచోట దీర్ఘం తీసెయ్యడం, ఇంకోచోట ఒత్తు ఎగరగొట్టడం. అయ్యాక దానిమీద ‘మనిషి ముట్టినది’ అని ముద్ర వేస్తారు. అయ్యవారు ఏం చేస్తున్నారంటే చేసిన తప్పులు దిద్దుకుంటున్నారని సామెత. ఈ అయ్యవారి పని ఒప్పుల్ని తప్పులు చెయ్యడం. పెట్టిన ప్రతిసారీ ఆయన ప్రాణం ఉసూరుమనేది. అయినా పొద్దున్నే చొక్కా ఇస్త్రీ చేసుకుని ఆఫీసుకి పోవడం ఆయనకి ఎంతో ఇష్టంగా ఉండేది.

“కొత్త మిషన్ వచ్చింది. తప్పులు కూడా అదే చేస్తుంది” అంది మేనేజరమ్మ. “తొందరలో రాసినట్టు, కళ్లజోడు మర్చిపోయినట్టు, ఎలా కావాలంటే అలా. రేపు మంచినీళ్ల కంపెనీ ఓనరు వస్తున్నాడు. ఒకే ప్రకటన, రెండు కాగితాలు. ఒకదాంట్లో మిషన్ తప్పు, ఒకదాంట్లో మీ తప్పు. మనిషి తప్పేదో ఆయన చెప్తాడు. మీది పట్టుకుంటే మీరుంటారు.”

“పట్టుకోకపోతే?”

“స్టోర్ రూంలో ఇంకో కుర్చీకి చోటుంది మాస్టారూ.”

ఇంటికొచ్చి చెబితే భార్య చేతిలో గరిటె ఆగిపోయింది.

“మళ్లీ ఇంట్లో కూర్చుంటారా? నా వల్ల కాదు బాబూ! ఒక్క తప్పు చెయ్యలేరా? పెళ్లయినప్పట్నుంచీ చూస్తున్నాను, తప్పులకి మీకేం తక్కువ?”

“అవి వేరే. ఇది అక్షరాల్లో చెయ్యాలే.”

మర్నాడు ఆఫీసుకి రాగానే ప్రకటన ముందేసుకున్నారు. మొత్తం నాలుగు లైన్లు. చేత్తో రాస్తూ ఒక దీర్ఘం తీశారు. దొంగ ఏడుపులా ఉంది. మళ్లీ పెట్టారు. ఒక ఒత్తు తీశారు. అదీ పళ్లికిలించింది. తప్పన్నది తెలియక జారాలి గానీ, తెలిసి జారితే నటన కాక మరేమిటి? చూస్తుండగానే బుట్ట నిండిపోయింది.

అంతలో ఆయన కన్ను ఒక అక్షరం మీద ఆగింది. మిషనే ఒకచోట తప్పు రాసింది! అడక్కుండా దేవుడిచ్చిన వరం. చూడనట్టు వదిలేస్తే ఉద్యోగం నిలబడుతుంది. మాస్టారు ఐదు నిమిషాలు చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఆరో నిమిషంలో చెయ్యి మాట వినలేదు. దిద్దేశారు.

‘పోతే పోయింది వెధవ ఉద్యోగం’ అనుకున్నారు. చివరి ప్రకటనైనా ఒక్క తప్పు లేకుండా పోనీ. కాగితం మడిచి అచ్చు తియ్యడానికి మేనేజరమ్మ చేతికిచ్చి, సంచి సర్దుకున్నారు. భార్య మొహం గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి. లోపల మాత్రం మహా గర్వంగా ఉంది.

మధ్యాహ్నానికి ఓనరు వచ్చాడు. ఒకప్పుడు భాష చెప్పిన పంతులే. భాషకన్నా నీళ్లకే గిరాకీ అని తెలుసుకుని బాగుపడ్డాడు. అచ్చయిన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చదివి, మొదటిది అవతలికి తోసేశాడు.

“ఇది మిషన్‌ది. దీర్ఘం ఎగిరింది. బుద్ధిమంతుడు పనిగట్టుకుని చేసిన తప్పు.”

రెండోదానిమీద వేలు పెట్టి, పకపకా నవ్వాడు.

“ఇదండీ మనిషంటే! ‘స్వచ్ఛమైన’ అన్నప్పుడు పైన మామూలు చ ఉండాలి, కింద ఒత్తు ఛ ఉండాలి. ఈ మహానుభావుడు పైనా ఒత్తే, కిందా ఒత్తే. ‘స్వఛ్ఛమైన నీళ్లు’! మిషన్ తప్పు చేస్తే భయపడుతూ చేస్తుంది. ఇంత ధీమాగా చెయ్యడం మనిషికి తప్ప ఎవరికీ చేతకాదు.”

మేనేజరమ్మ లేచి చప్పట్లు కొట్టింది.

“అద్భుతం మాస్టారూ! ఇంత మంచి తప్పు ఇన్నాళ్లూ ఎక్కడ దాచారు?”

సంచితో నిలబడ్డ మాస్టారు వంగి ఆ కాగితం చూసుకున్నారు.

ఆ పొద్దున మిషన్ రాతలో ఆయన దిద్దిన ఒకే ఒక్క అక్షరం అదే; ఇరవై ఎనిమిదేళ్లపాటు ఆ మాట రాసిన ప్రతివాడి కాగితం మీదా ఎర్ర సిరాతో దిద్దిందీ అదే.