క్లబ్బు బిళ్ళ

“అమ్మా! నాన్న బిళ్ళ కరిగిపోయింది!”

తల్లి గ్యాస్ కట్టేసి పరుగెత్తుకొచ్చింది. కూతురి చేతిలో గాజుగ్లాసు, అందులో సబ్బునీళ్ళు, అడుగున ఎర్రటి ముద్ద. అది చూడగానే తల్లికి పై ప్రాణాలు పైనే పోయాయి.

“దాన్ని నీళ్ళలో ఎందుకేశావే?”

“జిడ్డు పట్టిందని నానబెట్టాను. ఇంతలో ఫోనొచ్చింది, మాటల్లో పడి మరిచిపోయాను. మట్టిబిళ్ళే గానీ, మరీ ఇలా కరిగిపోతుందనుకోలేదమ్మా.”

అది పోకర్ ఆడేవాళ్ళు పందెంలో డబ్బుకు బదులు పెట్టే బిళ్ళ. పెళ్ళయిన కొత్తలో తండ్రి జీతమంతా క్లబ్బులో ఊడ్చిపెట్టి వచ్చేవాడు. ఒకరోజు నెగ్గి, ఒక్క బిళ్ళ జేబులో వేసుకుని మధ్యలోనే లేచొచ్చేశాడు. ‘ఇదే నా ఒట్టు, ఇక డబ్బు పెట్టి ఆడను’ అన్నాడు. ఆడలేదు కూడా. ఇప్పుడు ఆదివారాలు టైలరూ కాంపౌండరూ ఇంటికొస్తే అంతా ఉత్తుత్తి ఆటే. అయినా తన ముక్కలమీద ఆ బిళ్ళ పెట్టి, ఓసారి వేలితో తడిమితే గానీ ఆట మొదలుపెట్టడు. తల్లికి పేకాటంటే ఒళ్ళు మంట. ఆ బిళ్ళను మాత్రం ఎప్పుడూ ఏమీ అనలేదు.

“ఆదివారం నాన్న అత్తయ్యవాళ్ళింటి నుంచి వచ్చేస్తారుగా, ఉన్న విషయం చెప్పేస్తాను” అంది కూతురు.

“చెప్పావంటే చూడు! గుండె ఆపరేషనై ఎన్నాళ్ళయిందని? ఆయన్ని కంగారు పెట్టొద్దని డాక్టరు చిలక్కి చెప్పినట్టు చెప్పలేదూ?”

“అయితే అలాంటిదే ఇంకోటి చేస్తాను.”

“నువ్వా?”

“నేనే.”

ఆ అమ్మాయి పనిచేసేది కళ్ళజోళ్ళ షాపులో. ఇంట్లో పేరు మాత్రం మొండిపిల్ల. పేరుకు తగ్గట్టే షాపుకు సెలవు పెట్టి, కుండీలమ్మే చోటి నుంచి బంకమట్టి తెచ్చింది. తండ్రి పేకాడుతుండగా ఎప్పుడో తీసిన ఫొటోను ఫోనులో పెద్దది చేసి కిటికీకి ఆనించింది. మట్టిని పొడి చేసి, పాత చున్నీలో జల్లించి, తడిపి పిసికింది. రెండు స్కేళ్ళ మధ్య పరిచి సీసా మూతతో కోసింది.

మొదటి బిళ్ళలు ఆరేసరికి ముడుచుకుపోయాయి.

“ఇవి బిళ్ళలా, బొత్తాలా?” అంది తల్లి.

“ఆరితే చిన్నవవుతాయని నాకేం తెలుసు? పెద్దమూతతో కోస్తాను.”

పెద్దమూతవి ఎండలో పెడితే బీటలు వారాయి. మళ్ళీ తడిపి, మళ్ళీ పిసికింది. ఈసారి ఎత్తి చూస్తే అంచులు పైకి లేచి మూకుళ్ళలా ఉన్నాయి. మొండిపిల్లకు ఏడుపొచ్చినంత పనైంది. ముక్కు ఎగబీల్చి వాటినీ ముద్ద చేసేసింది.

“నీడలో ఆరబెట్టు. పైన పీట వేసి, బరువు పెట్టు” అంది తల్లి, బట్టలు మడతపెడుతూనే.

“నీకెలా తెలుసు?”

“ఇన్నేళ్ళుగా సంసారం చేస్తున్నాను, ఆ మాత్రం తెలియదా?”

పీట పనిచేసింది. చదునైన బిళ్ళకు ఎర్రరంగు అద్ది, ఫొటో చూస్తూ అంచున తెల్లగీతలు గీసింది. తల్లి దగ్గరకొచ్చి ఒక గీతమీద వేలు పెట్టింది.

“ఇది ఇలా ఉండదు. కాస్త వంకర.”

“క్లబ్బువాళ్ళు వంకరగా ఎందుకు గీస్తారమ్మా?”

“నాకేం తెలుసు? వంకరగానే ఉండేది. నువ్వు గియ్యి.”

మొండిపిల్ల ఫొటోను ఇంకా పెద్దది చేసి చూసింది. నిజమే, వంకరే. తల్లి కంటికి మనసులోనే దండం పెట్టి గీత వంచింది. నునుపు కోసం కొవ్వొత్తి రుద్దింది. బల్లమీద కొట్టి చూస్తే ‘టప్’మంది. నచ్చలేదు. ఇంకాస్త మందంగా, ఇంకాస్త గట్టిగా అదిమి మరోటి చేసింది. అదీ విరిగిపోయింది. వేళ్ళు పగిలి మండుతున్నాయి.

“పోనీలేవే, వదిలెయ్” అంది తల్లి నీరసంగా. “ఎక్కడో పడిపోయిందని చెబుదాం.”

“ఆయన ఒట్టు పెట్టుకున్న వస్తువమ్మా అది. నా చేతిలో పోయింది, నేనే తెస్తాను.”

తల్లి కళ్ళు తుడుచుకుని కొబ్బరినూనె సీసా తెచ్చి కూతురి వేళ్ళకు రాసింది. శనివారం సాయంత్రానికి ‘టక్’మనే బిళ్ళ ఒకటి తయారైంది.

ఆదివారం తండ్రి వచ్చాడు. భోజనాలయ్యాక స్నేహితులూ వచ్చారు. ముక్కలు పంచారు. తండ్రి బిళ్ళ తీసి ముక్కలమీద పెట్టి వేలితో తడిమాడు. ఆ వేలు ఒక్కక్షణం ఆగింది. తల్లీకూతుళ్ళు గుమ్మంలో నిలబడి ఆ వేలినే చూస్తున్నారు.

“ఏం బావా, బిళ్ళ మెరిసిపోతోంది?” అన్నాడు టైలరు.

“మా మొండిపిల్ల తోమేసి ఉంటుందిలే. నువ్వు ముక్క వెయ్యి” అన్నాడు తండ్రి.

ఆట సాగింది. ఆయన నవ్వుతూనే ఉన్నాడు. ఓడినప్పుడూ నవ్వాడు. ఆపరేషన్ తరవాత ఆయన అలా నవ్వగా చూడలేదు మొండిపిల్ల. గెలిచానని గట్టిగా అరవాలనిపించింది.

స్నేహితులు వెళ్ళిపోయారు. మొండిపిల్ల కాఫీగ్లాసులు వంటింట్లో పెట్టడానికి వెళ్ళింది. ముందుగదిలో తల్లి పేకముక్కలు సర్దుతోంది. తండ్రి బిళ్ళను అటూ ఇటూ తిప్పి చూసి, తల్లి చేతిలో పెట్టి, గొంతు తగ్గించి అన్నాడు.

“పోయినసారికన్నా ఈసారి బాగా చేశావోయ్.”