సాహెబు చూసిన జలపాతం

జలపాతం చూడటానికి సాహెబు వస్తున్నాడని తెలిసి మా ఊరంతా కంగారుపడింది. నడి వేసవిలో గుట్ట మీద చుక్క నీరు లేదు. ఆయన సంతోషిస్తే మనకు బావి మంజూరవుతుందన్నాడు పటేలు.

చెలిమెల్లో తోడుకున్న తాగునీళ్లన్నీ బిందెలకెత్తుకుని ఆడవాళ్లం గుట్టెక్కాం. జీపు ఆగగానే కిందివాళ్లకు కనబడకుండా వంగి బండ మీది నుంచి పోయడం మొదలుపెట్టాం.

"కొంగు తర్వాత సదురుకో పిల్లా, ధార తెగుతది!" అని మా అత్త శంకరవ్వ కసిరింది.

కింద సాహెబు చప్పట్లు కొట్టాడు. పటేలు ఇచ్చిన అర్జీ చదివి, తలెత్తి మా నీళ్లను చూసి పకపకా నవ్వాడు.

"ఎండకాలంల గిన్ని నీళ్లు దుంకుతున్న ఊరికి బాయెందుకు పటేలా?"

బండ అంచున ఉన్న నాకు ఆ మాట వినబడింది. చేయి ఆగిపోయింది.

వెనకున్న అత్తకు నవ్వొక్కటే వినబడింది. "పొయ్యే, ఆగకు! సాహెబు నవ్విండు, బాయి వచ్చినట్టే!"

ఆమెకు ఎదురు చెప్పలేక చివరి బిందె కూడా వంచాను.