గోడంత నాన్న

ఫోటో స్టూడియో నడిపే అక్కను చెల్లెలు గోడంత ఫోటో అడిగింది. నాన్న ఒక్కరే గుమ్మంలో నిలబడి సూటిగా చూస్తున్న పాత ఫిల్మ్ అది. రాత్రి షట్టర్ దించాక అక్క దాన్ని స్కానర్‌లో పెట్టి రెజల్యూషన్ పెంచింది. చొక్కా నేత కూడా తెలిసింది. ఇంకా పెంచితే ఫిల్మ్ మీది గరుకు చుక్కలు తప్ప కొత్తగా ఏమీ రాదు. అయినా పెంచింది. నాన్న భుజం మీద నాలుగు వేళ్లు కనిపించాయి.

చెల్లెలికి ఫోన్ చేసింది. "ఆ రోజు నాన్న వెనక ఎవరున్నారే?"

"ఎవరూ లేరక్కా. ఇల్లు ఖాళీ చేసి సామాను పంపేసి, తాళం వేసే ముందు తీశాం కదా."

రెజల్యూషన్ బాగా తగ్గించి మళ్లీ స్కాన్ చేసింది. స్కానర్ చప్పుడు ఆగాక చూసింది. వేళ్లు లేవు. ఊపిరి పీల్చుకుని చెల్లెలికి పంపింది.

"చిన్నదే వేద్దామే."

చెల్లెలు వచ్చిన ఫోటో తెరిచింది.

"సరే గానీ అక్కా, నాన్న వెనక్కి తిరిగి ఎవరిని చూస్తున్నారు?"